బొమ్మనహళ్ళిలో నిద్రపోయే సంఘం

బెంగళూరులో సేవ ముగించుకుని ఒంగోలు తిరిగొచ్చి నెల కావస్తోంది. మా సంఘం స్త్రీల సమాజం వాళ్ళు ఇప్పటికి నాలుగుసార్లు సాక్ష్యం చెప్పమని అడిగారు. నాలుగుసార్లూ గొంతు బాగాలేదని తప్పించుకున్నాను. గొంతుకేం, నిక్షేపంలా ఉంది. జరిగింది మైకు ముందు చెప్పుకునేలా లేదు, అంతే. చెప్పకుండా ఉండనూ లేను కాబట్టి రాస్తున్నాను.

మావాళ్ళ దృష్టిలో మిషనరీ అంటే సముద్రం దాటిన మనిషి. నేను దాటింది కర్ణాటక సరిహద్దు మాత్రమే, అదీ రైల్లో గురక పెడుతూ. అయినా పంపేటప్పుడు లోటేమీ చెయ్యలేదు. బంతిపూల దండ వేశారు, శాలువా కప్పారు. పాస్టరుగారు నా తలమీద చెయ్యి పెట్టి "అన్యభాషల మధ్యకు వెళ్తున్న మన సహోదరి" అని కన్నీళ్ళు పెట్టుకున్నారు. తీరా వెళ్ళి చూస్తే కూరగాయల బండి దగ్గర్నుంచి కుళాయి దగ్గర తగాదా దాకా అంతా తెలుగే.

నా పేరు శాంతకుమారి. ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఆ పేరు పెట్టినవాళ్ళు కాస్త తొందరపడ్డారని మా ఆయన బతికున్నన్నాళ్ళూ అనేవాడు. నిజమే. క్యూలో నా ముందున్నవాళ్ళు చిల్లర వెతుక్కుంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. టీవీలో ప్రకటన వస్తే రిమోట్ అదిరిపోతుంది. ప్రభువు నాకు ఓర్పు నేర్పిస్తాడని మా అమ్మ అరవై ఏళ్ళ కింద మొదలుపెట్టిన ప్రార్థన ఇంకా పెండింగులోనే ఉంది.

ఇక కరుణమ్మ సంగతి. నాకు చిన్నప్పటి స్నేహితురాలు. తొమ్మిదేళ్ళుగా బెంగళూరు బొమ్మనహళ్ళిలో బట్టల ఫ్యాక్టరీల్లో పనిచేసే తెలుగు ఆడవాళ్ళ మధ్య ఒంటరిగా సేవ చేస్తోంది. ఈ మధ్య మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుని ఒంగోల్లో చెల్లెలి ఇంట్లో పడింది. నన్ను పిలిపించి చెప్పింది. "మూడు ఆదివారాలు చూసిపెట్టు శాంతా. నలభై మంది వస్తారు. ఆ గది నిండడానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది. ఖాళీ కానీకు, ఇంకేం అక్కర్లేదు."

"ఖాళీ కావడమేంటి, అరవై మందిని చేసి అప్పజెబుతాను" అన్నాను.

ఒక్క ఆదివారంలో ఖాళీ చేశాను.

దోసె మీద ప్రార్థన

శుక్రవారం పొద్దున రైలు దిగగానే ఆకలి. నిలబడి తినే హోటలు ఒకటి కనిపించింది. బెంగళూరులో ఇలాంటివి వీధికి రెండు. టోకెను తీసుకోవాలి, ప్లేటు మనమే తెచ్చుకోవాలి, నడుము ఎత్తున్న బల్ల మీద పెట్టుకుని తినేసి పోవాలి. కుర్చీ మాటే లేదు. నాలాంటి తొందర మనిషి కోసమే కట్టినట్టున్నారని ముచ్చటపడ్డాను. డెబ్భై రూపాయలకు మసాలా దోసె. అంచులు ఎర్రగా, మధ్యలో వెన్న కరుగుతూ.

బల్ల మీద పెట్టుకుని అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నాను. ప్రయాణం క్షేమంగా జరిగినందుకు, రాబోయే మూడు వారాల కోసం, కరుణమ్మ కాలు కోసం, ఒంగోల్లో వదిలొచ్చిన కుళాయి వాషరు కోసం, దోసె చేసిన చేతుల కోసం. మా సంఘంలో ఇది చిన్న ప్రార్థన కిందే లెక్క. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి బల్ల శుభ్రంగా తుడిచి ఉంది. దోసె లేదు. చట్నీ లేదు. బల్లలు తుడిచే పెద్దావిడ రెండు బల్లల అవతల నా ప్లేటును తొట్టిలో వేస్తోంది.

"అయ్యో, అది నాదమ్మా!" అన్నాను.

"తినకుండ కండ్లు మూసుకోని నిలబడింటివి. వద్దేమో, కడుపులో తిప్పుతాందేమో అనుకుంటి" అంది ఆవిడ, అచ్చ తెలుగులో. పాపం, బాధపడింది కూడా. ఆవిడే కౌంటరు దగ్గరికి వెళ్ళి కన్నడంలో ఏదో చెప్పి నాకు ఇంకో దోసె ఇప్పించింది, డబ్బు తీసుకోకుండా. ఈసారి నేను కళ్ళు తెరిచే ప్రార్థన చేశాను, ఒక చెయ్యి ప్లేటు మీద పెట్టి. దోసె బాగుంది. సాంబారు మాత్రం తియ్యగా ఉంది. సాంబారులో బెల్లం వేసే ఊరిని ప్రభువు ఎందుకు ఇంత చల్లగా చూస్తున్నాడో నాకు అర్థం కాలేదు.

ఓబులమ్మ గది

బసకు కరుణమ్మ ఏర్పాటు చేసింది ఓబులమ్మ గదిలో. ఓబులమ్మది కదిరి వైపు. నలభై దాటిన మనిషి, భర్త లేడు, కూతురికి పెళ్ళి చేసేసింది. హోసూరు రోడ్డు పక్కన షర్టులు కుట్టే ఫ్యాక్టరీలో టైలరు. మొత్తం షర్టు కాదు, రోజంతా కాలర్లే. ఎన్నేళ్ళుగా అని అడిగితే "కాలర్లు ఏడేండ్లు, దానికి ముందర కఫ్‌లు" అంది. షర్టు పూర్తిగా కుట్టగలవా అంటే నవ్వింది.

ఆ గదిలో వంట ఒక మూల, దేవుని వాక్యం క్యాలెండరు ఒక మూల, మిగిలిన చోట మేమిద్దరం. తెల్లవారుజామున నీళ్ళొస్తాయి. అప్పుడు పట్టుకోకపోతే రోజంతా లేవు. ఓబులమ్మ లేచి బిందెలు నింపి, వండి, డబ్బా కట్టుకుని ఎనిమిదికల్లా బయటపడేది. ఆ వేళప్పుడు వీధిలోకి వస్తే చూడాలి. సందు సందులోంచి ఆడవాళ్ళు, భుజాన సంచి, తలలో పూలు, చకచకా నడుస్తూ హోసూరు రోడ్డు వైపు. ఎవరూ ఆగి మాట్లాడరు, నడుస్తూనే మాట్లాడుకుంటారు. మా ఊళ్ళో ఇంత ఉత్సాహంగా జనం కదిలేది ఎన్నికల రోజే.

మొదటి రోజు రాగి సంగటి పెట్టింది, ఊరుబిండి అనే రోటి పచ్చడితో. నేను ముద్ద నోట్లో పెట్టుకుని నమిలాను, నమిలాను, నమిలాను.

"నమలకూడదు టీచరమ్మా, మింగాల" అంది ఓబులమ్మ.

"నమలకుండా ఎలా మింగుతారు?"

"రోంత ఊరుబిండిలో అద్దుకోని, గమ్మున వదిలేయండి. అదే పోతాది."

అదే పోలేదు. మధ్యలో ఆగింది. ఓబులమ్మ వీపు మీద చరిచింది. మూడో రోజుకి గానీ గొంతుకు సంగటి మీద నమ్మకం కుదరలేదు.

మొదటి ఆదివారం

కూటం జరిగేది రంగు డబ్బాల దుకాణం పై అంతస్తులో, రెండు ఫ్యాన్లూ నాలుగు చాపలూ ఉన్న గదిలో. మధ్యాహ్నం రెండింటికి. పొద్దున ఎందుకు పెట్టుకోరని ఓబులమ్మను అడిగితే "వారం బట్టలు యాడికి పోతాయి టీచరమ్మా" అంది. ఆదివారం పొద్దునంతా ఉతుకుడు, రేషను, వంట. అవన్నీ ముగించుకుని రెండింటికి వస్తారు.

నలభై మందీ వచ్చారు. తడి జుట్టు, సబ్బు వాసన. పాటలు మొదలుపెడితే ఫ్యాన్లు ఊగాయి. ఆహా, కరుణమ్మ ఏం సంఘాన్ని తయారుచేసిందని పొంగిపోయాను. తరవాత నేను లేచాను. నా అంశం ఓర్పు. నవ్వకండి. ఒంగోల్లోనే నాలుగు రోజులు కూర్చుని నోట్సు రాసుకున్నాను, ఎర్రసిరాతో ఉపశీర్షికలు కూడా పెట్టాను.

ఐదో నిమిషంలో వెనక వరసలో ఒక తల వాలింది. సరే, ఒకరు అనుకున్నాను. ఏడో నిమిషంలో గోడ పక్కన వరస మొత్తం ఒకరి భుజం మీద ఒకరు ఒరిగారు. పదో నిమిషానికి నేను ఓర్పులోని రెండో ఉపశీర్షికలో ఉన్నాను, నలభై మందిలో నన్ను చూస్తున్నవి మూడు జతల కళ్ళు. ముందు వరసలో, సరిగ్గా నా కాళ్ళ దగ్గర, ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒక ముప్పై ఏళ్ళ మనిషి నోరు తెరిచి నిద్రపోతోంది.

ముప్పై నాలుగేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? నోట్సు పెట్టుకున్న బల్ల మీద చేత్తో ఒక్కటి కొట్టాను. నలభై మందీ ఉలిక్కిపడి లేచారు.

"ఆకుపచ్చ చీర! లేచి నిలబడు!"

ఆమె లేచి నిలబడింది. చేతులు కట్టుకుని, చూపు నేల మీద పెట్టి, ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడే మనిషిలా నిలబడింది. నేను మిగతా ప్రసంగం ముప్పావుగంట చెప్పాను. ఆమె ముప్పావుగంట నిలబడింది. ఆ తరవాత ఒక్కరూ కన్ను మూయలేదు. ఆ సాయంత్రం నేను కరుణమ్మకు ఫోన్ చేసి "బ్రహ్మాండంగా జరిగింది" అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, అదే ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రెండో ఆదివారం, వైట్‌ఫీల్డ్ దాకా

మరుసటి ఆదివారం రెండింటికి గదిలో నేనూ ఓబులమ్మా ఉన్నాం. రెండున్నరకీ నేనూ ఓబులమ్మే. మూడింటికి ఒక పిల్లి వచ్చి చాప మీద కూర్చుని, మా ఇద్దర్నీ చూసి వెళ్ళిపోయింది.

"బట్టలుంటాయేమో" అంది ఓబులమ్మ, నా మొహం వైపు చూడకుండా.

నాకు దుఃఖం రాలేదు, రోషం వచ్చింది. వీళ్ళు రాకపోతే ఇంకెవరూ లేరా? వైట్‌ఫీల్డ్‌లో నా పాత విద్యార్థిని ప్రశాంతి ఉంది, సాఫ్ట్‌వేరులో పెద్ద ఉద్యోగం. వాళ్ళ అపార్టుమెంట్లో ప్రతి ఆదివారం సాయంత్రం తెలుగువాళ్ళ ప్రార్థన జరుగుతుందని తెలుసు. వాళ్ళను తీసుకొచ్చి మూడో ఆదివారం గది నింపేద్దాం, కరుణమ్మకు మనుషుల లెక్క చూపిస్తే చాలు కదా అనుకున్నాను. చూశారా, ఎలాంటి మిషనరీని పంపారో!

బొమ్మనహళ్ళి నుంచి వైట్‌ఫీల్డ్‌కు రెండున్నర గంటలు పట్టింది. అందులో గంట ఒకే ఫ్లైఓవరు కింద ఒకే గేదె బొమ్మ ఉన్న పాల ప్రకటన చూస్తూ గడిచింది. ఆటో డ్రైవరు ఇంజను ఆపేసి, సీటు మీద కాళ్ళు పెట్టుకుని, మధ్యాహ్నం మిగిల్చుకున్న పులిహోర డబ్బా విప్పాడు. నాకూ పెట్టాడు. కారం లేదు గానీ ఆకలి ఉంది.

ప్రశాంతి వాళ్ళ క్లబ్‌హౌసులో ఏసీ, తెల్ల తెర మీద పాటల సాహిత్యం, వెనక బల్ల మీద కప్‌కేకులు. ఇరవై మంది. ఒక్కరూ నిద్రపోలేదు. సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు, అది వేరే సంగతి. ప్రార్థనకు మనిషికి రెండు నిమిషాలు. సమయం అయిపోతే ఒక ఫోను కోడిపిల్లలా కూస్తుంది. నా వంతులో నేను ఇంకా ఒంగోలు దాటకముందే కూసింది.

అయిపోయాక నా కోరిక చెప్పాను. ప్రశాంతి ఫోన్లో క్యాలెండరు తెరిచింది.

"టీచర్, నెక్స్ట్ సండే అందరికీ రిలీజ్ ఉంది. ఆ నెక్స్ట్ సండే టీమ్ ఔటింగ్. ఆ తర్వాతైతే పాజిబుల్. లేదంటే మీరు అక్కడ ల్యాప్‌టాప్ ఒకటి పెట్టండి, మేం ఇక్కణ్ణుంచే జాయిన్ అవుతాం."

"గది నిండాలమ్మా, ల్యాప్‌టాప్ నిండితే ఏం లాభం?"

"అసలు ఎందుకు ఖాళీ అయింది టీచర్?"

చెప్పాను. గొప్పగానే చెప్పాను, క్రమశిక్షణ నేర్పినట్టు. ప్రశాంతి నవ్వడం ఆపేసింది. చేతిలో కప్‌కేకు కాగితాన్ని మడతపెడుతూ కూర్చుంది.

"టీచర్, ఏమీ అనుకోకండి. టెన్త్‌లో మీ క్లాసులో నేను కూర్చున్న రోజులకంటే నిలబడ్డ రోజులే ఎక్కువ. మీరు చెప్పిన లెక్కలు ఇవాళ ఒక్కటీ గుర్తులేవు. నిలబడింది గుర్తుంది. నా పక్కన ఎవరు నవ్వారో కూడా గుర్తుంది."

తిరుగు ప్రయాణం గంటన్నరే పట్టింది, ఇంకో గంట పడితే బాగుండేదనిపించింది. గదికి రాగానే ఓబులమ్మను అడిగాను, ఆ ఆకుపచ్చ చీర ఎవరని.

"సరోజ. చెకింగ్‌లో ఉండాది. చెకింగోళ్ళకు కుర్చీలుండవు టీచరమ్మా. పొద్దన పోతే సాయంత్రం దాకా బల్లకాడ నిలబడుకోనే షర్టులు తిప్పి చూడాల. కాళ్ళు ఇంత లావు వాస్తాయి. వారానికి ఒక దినం ఈడ కూచోని రోంచేపు కండ్లు మూస్తాది."

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరు పెద్దోళ్ళు. చదువుకున్నోళ్ళు" అంది ఓబులమ్మ, సంగటి కెలుకుతూ.

వారమంతా నిలబడే మనిషిని ఉన్న ఒక్క ఆదివారమూ నిలబెట్టాను. అదీ ఓర్పు గురించి చెబుతూ.

ఆ రాత్రి కరుణమ్మ ఫోన్ చేసి "ఎలా జరిగింది?" అంటే "గదిలో గాలి బాగా తగిలింది" అన్నాను.

నగర్తపేటలో గుండీలు

మంగళవారం ఇంకో పిడుగు. గది యజమాని రంగప్ప గారు ఓబులమ్మకు కబురు పెట్టారు, ఆదివారం గది ఖాళీగా ఉందని తెలిసింది, ట్యూషన్లవాళ్ళు అడుగుతున్నారు, తాళంచెవి పంపించమని. తొమ్మిదేళ్ళ గది అది. నేను పరుగున ఆయన దుకాణం ఉన్న నగర్తపేట వెళ్ళాను.

పరుగున వెళ్ళాలని అనుకున్నాను అనాలి. నగర్తపేట సందుల్లో ఎవరూ పరుగెత్తలేరు. తలమీద బట్టల మూటలు, తోపుడు బళ్ళు, ఎదురుగా వచ్చే స్కూటరు, దాని మీద నిలువెత్తు అట్టపెట్టెలు. రంగప్ప గారిది గుండీల దుకాణం. గుండీలు, హుక్కులు, లేసులు, జిప్పులు, నేల నుంచి పైకప్పు దాకా డబ్బాలే. డెబ్భై ఏళ్ళ మనిషి, నుదుట నామం, ముక్కు మీదకు జారిన కళ్ళద్దాలు. వాళ్ళ ముత్తాతల కాలం నుంచి బెంగళూరే. ఇంట్లో మాట్లాడేది తెలుగే.

"నేను కరుణమ్మ స్నేహితురాలినండీ. గది విషయం..." అని మొదలుపెట్టాను.

"కూచోండమ్మా" అన్నారు.

కూర్చున్నాను. ఒక పెళ్ళికూతురి తల్లి జాకెట్టుకు గుండీలు ఎంచుతోంది. ఆయన ఒక డబ్బా తీసి చూపారు, ఆమె వద్దంది. ఇంకోటి. వద్దంది. నేను మధ్యలో నోరు తెరిచినప్పుడల్లా "స్వల్ప ఉండండమ్మా" అనేవారు. నలభై డబ్బాలు తీశారు, నలభై డబ్బాలు పెట్టారు. ఆమె మొదట చూసినవే తీసుకుని వెళ్ళింది. నాకైతే తల నెరిసిపోయింది, ఆయన నామం కూడా చెదరలేదు. ఒక కాఫీ తెప్పించి రెండు గ్లాసుల్లో సగం సగం పోయించారు. ఇక్కడ అదే మర్యాద. ఒంగోల్లో అతిథికి సగం గ్లాసు ఇస్తే చుట్టరికం తెగిపోతుంది.

"ఇప్పుడు చెప్పండి. నలభై మంది ఉంటా ఉండారు, ఏమైపోయినారు?"

దాచలేదు. నిద్రపోతుంటే లేపానని చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టి నావైపు జాలిగా చూశారు.

"లేపినారా? అయ్యో అయ్యో. ఏందప్పా ఇది? నేను శనివారం శనివారం భజనకు పోతా. ఎందుకు పోతానని అనుకున్నారు? ఇంట్లో పడుకుంటే మనవడు లేపుతాడు, ఈడ పడుకుంటే గిరాకీలు లేపుతారు. దేవుని సన్నిధిలో ఒక్కచోటనే ఎవురూ లేపరు. మా భజన గురువు నలభై ఏండ్ల నుంచి నా పక్కనే తాళం కొడతాడు, నన్ను ఒక్క దినం లేపలేదు. అదమ్మా మర్యాద."

"మరి దేవుడి మాటలు చెవిన పడక్కర్లేదా?"

"పడాల్సిన దినం పడతాయి. ఆయనకు లేని తొందర మీకెందుకు?"

ఒక నామాల పెద్దమనిషి చేతిలో నాకు ఆత్మీయ పాఠం అయింది. తాళంచెవి మాత్రం వచ్చే ఆదివారం వరకే అన్నారు. గది నిండితే సరి, లేకుంటే ట్యూషన్లకు ఇచ్చేస్తామని. లేచి వస్తుంటే ఊరికే వచ్చారేమిటని నా చేతిలో ఒక డజను గుండీలు పెట్టారు.

సరోజ గుమ్మం

సరోజ ఉండేది ఫ్యాక్టరీ వెనక వరస ఇళ్ళలో. బుధవారం సాయంత్రం వెళ్ళాను. తలుపు సగం తెరిచి, నన్ను చూసి, "పనుండాది" అని మూసేసింది. సహజంగా నేనైతే తలుపు బాది, లోపలికి వెళ్ళి, క్షమాపణ చెప్పేసి, పావుగంటలో పని ముగించేదాన్ని. క్షమాపణ కూడా హోంవర్కులా పూర్తిచేసి పారెయ్యాలి నాకు. ఆ రోజు మాత్రం గుమ్మం మీద కూర్చున్నాను. పక్కింటి ముసలమ్మ నన్ను పని లేని మనిషిగా లెక్కగట్టి వెల్లుల్లి చేట నా ఒళ్ళో పెట్టింది. గంటసేపు వొలిచి వచ్చేశాను.

గురువారం మళ్ళీ. సరోజ బకెట్టుతో బయటికొచ్చి, నన్ను దాటుకుని కుళాయికి వెళ్ళి, మళ్ళీ దాటుకుని లోపలికి పోయింది. ముసలమ్మ ఈసారి చిక్కుడుకాయలు ఇచ్చింది. నాకు లోపల కుతకుత ఉడుకుతూనే ఉంది. ఓర్పు వచ్చేసిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. లేచి పోకుండా ఉండడం ఒక్కటే చేతనైంది.

శుక్రవారం ఆమె బకెట్లోంచి తడి దుప్పటి తీసి ఒక కొస నా చేతికి ఇచ్చింది. "పట్టండి" అంది. ఇద్దరం చెరోవైపు పట్టుకుని మెలితిప్పాం. దుప్పటి మెలిక పడదే! చూస్తే ఆమె ఎటు తిప్పితే నేనూ అటే తిప్పుతున్నాను, నా మెలిక ఆమెది విప్పేస్తోంది. లెక్కల టీచర్ని. సరోజ మొహంలో నవ్వు వచ్చి ఆగిపోయింది.

"సరోజా, ఆ రోజు నిన్ను నిలబెట్టాను. తప్పు చేశాను, క్షమించు" అన్నాను.

ఆమె దుప్పటి వదలలేదు. "నిలబడేది నాకు కొత్త కాదు టీచరమ్మా. అందురి ముందర పేరు కూడా లేకుండ 'ఆకుపచ్చ చీర' అంటిరి చూడు, అదే. మా ఫ్లోరు ఇంచార్జి కూడా అట్లే పిలుస్తాడు, 'ఏయ్ నీలం యాప్రాను' అని. ఆడ నుంచి తప్పించుకోని వస్తే ఈడ కూడా అదేనా అనిపించింది. మా వాళ్ళందురికీ అనిపించింది."

నేను ఏడ్చాను. దాచుకోవడానికేం లేదు, వీధిలోనే ఏడ్చాను. వాళ్ళెవరూ పిలవకుండా వచ్చి, ఎవరి పేరూ అడగకుండా మూడు వారాలు సేవ చేసేద్దామనుకున్న మనిషిని.

"సరే, పిండండి, నీళ్ళు కారతాండాయి" అంది సరోజ.

ఆదివారం వస్తావా అని అడగాలని నాలుక చివర దాకా వచ్చింది. అడగలేదు.

మూడో ఆదివారం

రెండింటికి ఎవరూ లేరు. ఓబులమ్మ చాపలు పరిచి గుమ్మం దగ్గర చెప్పుల కాపలాకు కూర్చుంది, చెప్పులు మా ఇద్దరివే. రెండుంపావు. రెండున్నర. కింద దుకాణం మెట్ల వైపు చూడకూడదని ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను. మూడే ఉన్నాయి, ఎన్నిసార్లు లెక్కపెట్టినా.

మూడింటికి మెట్ల మీద అడుగులు. సరోజ. ఆమె వెనక గంపెడు మంది, తడి జుట్టుతో, సబ్బు వాసనతో. ఎంతమందో లెక్కపెట్టలేదు. చాపలు చాలక కొంతమంది నేల మీద కూర్చున్నారు, నాకు అది చాలు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి పేరు అడిగాను. రామలక్ష్మి, మేరీ, గంగమ్మ, ఇంకో గంగమ్మ, సువార్త, పెద్దక్క. కొంతమంది నవ్వారు, తొమ్మిదేళ్ళలో మొదటిసారి హాజరు తీసుకుంటున్నందుకు.

పాటలయ్యాక లేచాను. గొంతు తగ్గించి, ఆ ఓర్పు ప్రసంగాన్నే మెల్లగా చెప్పాను. పదో నిమిషానికి అందరూ ఒరిగారు. సరోజ గోడకు ఆనుకుని కాళ్ళు బార్లా చాపింది, నోరు తెరిచింది. నాకు కోపం రాలేదు. ఇంత గొప్ప సంగతి నా జీవితంలో ఎప్పుడూ జరగలేదు. మాట్లాడి వీళ్ళ నిద్ర చెడగొట్టడమెందుకని నోట్సు మూసేసి, చప్పుడు కాకుండా చాప మీద కూర్చున్నాను. నా ఓర్పును నేనే మెచ్చుకుంటున్నాను.

నిమిషం కాలేదు. ఒకరొకరుగా అందరూ కళ్ళు తెరిచారు. కొందరు గభాలున లేచి కూర్చుని చీర సర్దుకున్నారు. గది మొత్తం నావైపు బెదురుగా చూసింది.

"ఏమైంది టీచరమ్మా?" అంది సరోజ.

"ఏం కాలేదు. పడుకోండి. మీకు అడ్డమని ఆపేశాను."

"ఆపొద్దు. ఫ్యాక్టరీలో మిషన్లన్నీ ఒక్కసారి నిలిచిపోతే ఎవురికో ఏమో అయిందని. చేతిలో సూది దిగిందో, ఇంచార్జి వచ్చి నిలబడినాడో. సద్దు లేకపోతే మాకు గుండె దడ పట్టుకుంటాది. మీరు చెప్తా ఉండండి. మేం యాడికీ పోము."

లేచాను. మళ్ళీ చెప్పాను. రెండు నిమిషాల్లో తలలన్నీ వాలాయి. ఓర్పు ప్రసంగం అయిపోయింది, గది లేవలేదు. రెండో ఆదివారం చెప్పకుండా మిగిలిపోయిన విశ్వాసం ప్రసంగం కూడా అందుకున్నాను, అదీ అయిపోయింది. ఇంకా ఐదు కావడానికి ఇరవై నిమిషాలుంది. గుక్క తిప్పుకుందామని ఆగితే గంగమ్మ కనురెప్ప కదిలింది. ఏం చెయ్యను? మా పాస్టరుగారికి చెప్పకండి, అదే స్వరంతో, అదే భక్తితో, పదమూడో ఎక్కం మొదలుపెట్టాను. పదమూడు ఒకట్లు పదమూడు. పదమూడు రెళ్ళు ఇరవై ఆరు. గది హాయిగా ఊపిరి తీసుకుంది. పది దాకా వచ్చేసరికి రెండో గంగమ్మ కళ్ళు మూసుకునే "ఆమెన్" అంది. పద్నాలుగు, పదిహేను కూడా చదివాను.

ఐదింటికి లేచి, మొహాలు తుడుచుకుని, నా చేతులు పట్టుకుని వందనాలు చెప్పి వెళ్ళారు. ఎంత బాగా చెప్పారో అని పెద్దక్క కళ్ళకద్దుకుంది. ఆ వేళకే రంగప్ప గారి మనిషి కింద రంగు డబ్బాల దగ్గర నిలబడి మెట్లు దిగేవాళ్ళను చూసి, తాళంచెవి అడక్కుండానే వెళ్ళిపోయాడు. చాపలు చుడుతుంటే ఓబులమ్మ దగ్గరికొచ్చింది.

"టీచరమ్మా, పదమూడు ఏడులు తొంభై ఒకటి కదా. మీరు తొంభై మూడంటిరి."

ఆ సాయంత్రం కరుణమ్మకు ఫోన్ చేసి, మొదటి ఆదివారం నుంచి జరిగిందంతా ఒప్పుకున్నాను. నిలబెట్టింది, ఖాళీ చేసింది, వైట్‌ఫీల్డ్ నుంచి జనాన్ని అరువు అడిగింది, ఎక్కాలు చదివింది. అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"ఇన్నేళ్ళూ ఇలా నిద్రపోయేవాళ్ళకేనా చెప్తున్నావు కరుణా? నాకు ముందే చెప్పొచ్చు కదా" అన్నాను.

"చెప్తే వచ్చేదానివా?" అంది. అంతలోనే, "ఆగాగు, ఓబులమ్మ ఎక్కం తప్పు పట్టిందన్నావా? అంటే చివరిదాకా మేలుకునే ఉందా?" అని అడిగింది.

"ఉంది. ఆమె ఒక్కతే."

"చూశావా!" అంది కరుణమ్మ, ఆనందం పట్టలేక. "తొమ్మిదేళ్ళకు ఒకరు లేచారు. ఇంకా ముప్పై తొమ్మిది మందేగా, శాంతా."